ఆ తెల్ల మెరుపును ఎడిట్ చేసేయకండి: మీ ఫోన్ కెమెరా డాక్టర్‌కి ఎంతవరకు సాయం చేయగలదు?

రివ్యూకి వచ్చిన ఫోన్ చేతిలో ఉంటే నాకు ఏ ఫంక్షన్ అయినా కెమెరా టెస్టే. ఈమధ్య మా రామచంద్రపురంలో పెద్దమ్మ కూతురి పాపకి అన్నప్రాసన జరిగింది. హాల్లో ట్యూబ్‌లైట్లు, గుమ్మానికి సీరియల్ సెట్లు, మధ్యలో కరెంటు పోతే ఇన్వర్టర్ లైటు. లో-లైట్ టెస్టుకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఫ్లాష్‌తో, ఫ్లాష్ లేకుండా, పోర్ట్రెయిట్‌లో, నైట్ మోడ్‌లో ఒకటే ఫొటోలు తీశాను.

రాత్రి అందరం కూర్చుని చూస్తుంటే అక్క ఒక ఫొటో దగ్గర ఆగింది. "ఒరేయ్, ఇది చాలా బాగుందిరా. కానీ ఒక కన్ను ఏదో తెల్లగా పడింది. నీ ఫోన్లో ఏదో ఏఐ ఉందన్నావుగా, సరిచేసెయ్."

అది మూడు సెకన్ల పని. ఎడిట్ నొక్కి, కన్ను మీద వేలు పెడితే అయిపోతుంది. కానీ వేలు ఆగింది. ఫ్లాష్ ఫొటోలో పిల్లల కన్ను తెల్లగా మెరవడం గురించి ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. "అక్కా, దీన్ని ఎడిట్ చెయ్యొద్దు. ఒరిజినల్ ఇలాగే ఉంచు. ఒకసారి కంటి డాక్టర్‌కి చూపిద్దాం" అన్నాను. అక్క మొహం మారిపోయింది. బావ నన్ను పక్కకి పిలిచి, "శుభమా అని ఫంక్షన్ చేసుకుంటే ఇదేంటయ్యా" అన్నాడు.

పాపకి ఏమైందో చివర్లో చెబుతాను. ముందు ఆ మెరుపు కథ, దాని వెనకున్న సైన్స్ కథ చూద్దాం. అందులో మన గోదావరి జిల్లాల మనిషి ఒకాయన కూడా ఉన్నాడు.

ఎరుపు సరే, తెలుపు ఎందుకు?

ఫ్లాష్ ఫొటోల్లో కళ్లు ఎర్రగా రావడం అందరికీ తెలిసిందే. ఫ్లాష్ వెలుతురు కంటిపాపలోంచి లోపలికి వెళ్లి, రక్తనాళాలు నిండుగా ఉన్న వెనక పొర మీద పడి తిరిగి లెన్స్‌లోకి వస్తుంది. అందుకే ఆ ఎరుపు. చూడ్డానికి బాగోదు గానీ, వెలుతురు లోపలిదాకా అడ్డు లేకుండా వెళ్లొచ్చిందని దాని అర్థం.

తెల్లగా లేదా పసుపుగా మెరిస్తే మాత్రం వెలుతురుకి మధ్యలో ఏదో తగిలి ఉండొచ్చు. అది పుట్టుకతో వచ్చిన కంటి శుక్లం కావచ్చు, రెటీనాకి సంబంధించిన వేరే సమస్య కావచ్చు. కొన్నిసార్లు అది రెటినోబ్లాస్టోమా. పసిపిల్లల రెటీనాలో వచ్చే క్యాన్సర్ ఇది. ఎక్కువగా 5 ఏళ్ల లోపు పిల్లల్లోనే కనిపిస్తుంది. సుమారు 15 వేల నుంచి 20 వేల జననాలకు ఒకరికి వస్తుంది. త్వరగా పట్టుకుంటే పిల్లల ప్రాణం, చాలాసార్లు కన్ను, చూపు కూడా నిలుస్తాయి. ఆలస్యమైతే కంటి నరం గుండా మెదడు వైపు పాకే ప్రమాదం ఉంది.

పసిపిల్లలు "నాకు సరిగ్గా కనిపించట్లేదు" అని చెప్పలేరు కదా. అందుకే చాలా ఇళ్లలో దీన్ని మొదట చూసేది డాక్టర్ కాదు, ఫొటో తీసిన అమ్మానాన్నలే.

ఒక నాన్న, ఏడు వేల ఫొటోలు

అమెరికాలోని టెక్సస్‌లో బేలర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ బ్రయాన్ షా ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. ఆయన కంటి డాక్టర్ కాదు, కెమిస్ట్. 2008లో ఆయన కొడుక్కి నాలుగు నెలల వయసులో రెటినోబ్లాస్టోమా అని తేలింది. తర్వాత ఆయన ఇంట్లో ఉన్న పాత ఫొటోలన్నీ, ఏడు వేలకు పైగా, వరసపెట్టి వెతికాడు. బాబుకి 12 రోజుల వయసులో తీసిన ఫొటోలోనే ఆ తెల్ల మెరుపు ఉంది. నెలల తరబడి సాక్ష్యం మెమొరీ కార్డులోనే ఉండిపోయిందన్నమాట.

ఆ బాధలోంచి పుట్టిందే క్రేడిల్ అనే ఉచిత యాప్. ఫోన్ గ్యాలరీలోని ఫొటోల్లో తెల్ల మెరుపు ఉన్న కళ్లను వెతకడమే దాని పని. 2019లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో దీని ఫలితాలు వచ్చాయి. 40 మంది పిల్లలకు సంబంధించిన 50 వేలకు పైగా ఫొటోలు దానికి ఇచ్చారు. కంటి జబ్బు ఉన్న 20 మంది పిల్లల్లో 16 మంది విషయంలో, డాక్టర్లు జబ్బు నిర్ధారించక ముందు తీసిన ఫొటోల్లోనే యాప్ ఆ మెరుపును పట్టింది. సగటున 1.3 ఏళ్ల ముందే.

ఇక్కడ మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్లు గమనించాల్సింది ఒకటుంది. ఇందులో కొత్త సెన్సర్ ఏమీ లేదు. మామూలు కెమెరాలే. కొత్తగా జరిగింది ఏంటంటే, ఫొటోని జ్ఞాపకంగా కాకుండా కొలతగా చూడటం. పిక్సెల్‌లో ఎంత ఎరుపు, ఎంత తెలుపు అని అంకెల్లో అడగడం.

రంగును అంకెగా మార్చి జబ్బు గురించి తెలుసుకోవడం అనే ఈ ఆలోచన ఫోన్‌తో పుట్టింది కాదు. దానికి వందేళ్ల వయసుంది.

ఈ ఫీల్డ్‌కి తాత లాంటివాడు మన భీమవరం ఆయన

యల్లాప్రగడ సుబ్బారావు పేరు స్కూల్లో ఒక పేరాగా చదివి వదిలేసి ఉంటాం. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. రాజమండ్రిలో చదువు సాఫీగా సాగలేదు, మద్రాసు వెళ్లి మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కాడు. డాక్టరు చదువు అయ్యాక అమెరికా వెళ్లడానికి డబ్బుల్లేవు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ సాయం చేస్తామంది, మిగతాది మామగారు సమకూర్చారు. మా ఊరి నుంచి కాకినాడ దాదాపు 30 కిలోమీటర్లు. అంటే ఈ కథలో మొదటి ఫండింగ్ రౌండ్ మా పక్కూళ్లోనే జరిగింది!

1920ల మొదట్లో బోస్టన్ చేరిన సుబ్బారావు ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదివాడు. అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఒక పద్ధతి ప్రకటించాడు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగుతో కొలిచే పద్ధతి అది. ప్రపంచమంతా దాన్ని 'ఫిస్కే-సుబ్బారావు పద్ధతి' అంటుంది. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకి రక్తంలో ఫాస్ఫరస్ పెరుగుతుంది, ఎముకల జబ్బుల్లోనూ దాని లెక్క కావాలి. కాబట్టి ఇది ఊరికే కెమిస్ట్రీ సరదా కాదు, రోగికి పనికొచ్చే టెస్టు.

పద్ధతి సింపుల్‌గా ఇదీ: శాంపిల్‌లోని ఫాస్ఫేట్‌ని యాసిడ్‌లో అమ్మోనియం మాలిబ్డేట్‌తో కలుపుతారు. ఆ రెండూ కలిసి ఒక పదార్థం అవుతుంది. దానికి ఇంకో రసాయనం చేరిస్తే చక్కటి నీలిరంగు వస్తుంది. ఫాస్ఫరస్ ఎంత ఎక్కువ ఉంటే నీలం అంత చిక్కగా ఉంటుంది. ఆ నీలాన్ని, ఫాస్ఫరస్ ఎంతుందో ముందే తెలిసిన ఇంకో ద్రావణం నీలంతో పోలిస్తే లెక్క తేలిపోతుంది.

ఈ పనిముట్టుతోనే వాళ్లిద్దరూ 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియేటిన్‌ని, 1929లో ఏటీపీని గుర్తించారు. కండరం కదలడానికి శక్తి ఎక్కడినుంచి వస్తుందో చెప్పే అణువులు ఇవి. జిమ్ములో క్రియేటిన్ డబ్బా కొనే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ పేరా చూపించండి.

1925 కలరిమీటర్ వర్సెస్ మీ జేబులో ఫోన్

మన సైట్ అలవాటు ప్రకారం స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూద్దాం.

సెన్సర్: అప్పట్లో మనిషి కన్ను. ఇప్పుడు కోట్లాది పిక్సెల్స్ ఉన్న కెమెరా చిప్.

పోలిక: అప్పట్లో రెండు గాజు కప్పులు. ఒకదాంట్లో తెలిసిన ద్రావణం, ఇంకోదాంట్లో తెలియనిది. రెండు రంగులూ ఒకేలా కనిపించేదాకా లోతు మార్చి, ఆ లోతుల నిష్పత్తితో లెక్క కట్టేవారు. ఫోన్‌లో పోలిక పెట్టాలా వద్దా అనేది యాప్ రాసినవాడి ఇష్టం.

వెలుతురు: అప్పట్లో రెండు కప్పుల మీదా పడేది ఒకే వెలుతురు. ఫోన్‌కి ట్యూబ్‌లైటో, ఎండో, సీరియల్ సెట్టో, ఏది దొరికితే అది.

సొంత తెలివి: అప్పటి కలరిమీటర్‌కి లేదు. మీ ఫోన్‌కి చాలా ఎక్కువ ఉంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

మీ కెమెరా అబద్ధం ఎందుకు చెబుతుంది?

రివ్యూల్లో మేం ఏమని రాస్తాం? "కలర్స్ పంచీగా ఉన్నాయి", "హెచ్‌డీఆర్ అదిరింది", "స్కిన్ టోన్ స్మూత్‌గా వచ్చింది" అని. ఇవన్నీ ఫొటోకి ప్లస్ పాయింట్లు, కొలతకి మాత్రం మైనస్‌లే.

ఆటో వైట్ బ్యాలెన్స్ పని ఏంటంటే, పసుపు బల్బు కింద తెల్ల చొక్కాని తెల్లగా చూపించడం. అంటే ఉన్న రంగుని మార్చేయడమే. ఆటో ఎక్స్‌పోజర్ పని, చీకటిగా ఉన్నదాన్ని వెలుగుగా చూపించడం. చిక్కటి నీలాన్ని మీ ముందు పెడితే, పాపం చీకటిగా ఉందని అదే వెలుతురు పెంచేస్తుంది. హెచ్‌డీఆర్ ఫ్రేమ్‌లో ఒక్కో మూలని ఒక్కో రకంగా సవరిస్తుంది.

ఇంకో దెబ్బ చాలామందికి తెలియదు. మామూలు జేపెగ్ ఫొటోలో ఒక పిక్సెల్ విలువ 0 నుంచి 255 దాకా ఉంటుంది. 128 అంటే సగం వెలుతురు అనుకుంటాం. కాదు. మన కంటికి నచ్చేలా గామా అనే వంపు వేసి సేవ్ చేస్తారు కాబట్టి, 128 అంటే దాదాపు 22 శాతం వెలుతురే. ఈ సంగతి మర్చిపోయి అంకెల్ని నేరుగా లెక్కలో వాడితే జవాబు తప్పుతుంది.

ఒక తమాషా కూడా చెప్పాలి. నీలిరంగు ద్రావణాన్ని కొలవాలంటే ఆర్‌జీబీలో బ్లూ చూడాలి అనుకుంటాం కదా? చూడాల్సింది రెడ్. ద్రావణం నీలంగా కనిపిస్తోందంటే అది ఎరుపుని మింగేస్తోందని అర్థం. ఎంత మింగిందో అదే మనకు కావాల్సిన లెక్క. ఒక చుక్క రంగు ఎరుపు వెలుతురుని సగానికి తగ్గిస్తే, రెండు చుక్కలు పావుకి, మూడు చుక్కలు అరపావుకి తగ్గిస్తాయి. ల్యాబుల్లో పెద్ద మెషీన్లు కూడా ఈ సూత్రం మీదే నడుస్తాయి.

ఇంట్లో చేసి చూడండి, వందలోపు ఖర్చు

కేకుల్లో వాడే బ్లూ ఫుడ్ కలర్ ఒక సీసా, ఒకేరకం గాజు గ్లాసులు ఆరు, ఒక తెల్ల కాగితం చాలు.

అయిదు గ్లాసుల్లో సమానంగా నీళ్లు పోసి 1, 2, 3, 4, 5 చుక్కలు వేయండి. ఆరో గ్లాసులో మీ తమ్ముడినో చెల్లినో మీకు చెప్పకుండా కొన్ని చుక్కలు వేయమనండి. వెనక తెల్ల కాగితం పెట్టి, ఫోన్‌ని స్టాండ్ మీద కదలకుండా ఉంచి, ఆటో మోడ్‌లో ఒక్కో గ్లాసునీ ఫొటో తీయండి. కలర్ పికర్ యాప్‌లో ప్రతి గ్లాసు మధ్యలో రెడ్ విలువ ఎంతో రాసుకోండి. చుక్కల సంఖ్య అడ్డంగా, రెడ్ విలువ నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. ఆరో గ్లాసు విలువ ఆ గీత మీద ఎక్కడ పడుతుందో చూస్తే ఎన్ని చుక్కలో చెప్పేయొచ్చు.

ఇప్పుడు ప్రో మోడ్‌లోకి వెళ్లండి. ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి, వీలైతే రా ఫార్మాట్‌లో అదే పని మళ్లీ చేయండి. ఆటోలో అడ్డదిడ్డంగా ఉన్న గీత ఇక్కడ నున్నగా మారడం మీరే చూస్తారు. ఆ తర్వాత లైటు మార్చి, ఆరో గ్లాసుని మాత్రమే మళ్లీ తీసి పాత గ్రాఫ్‌తో పోల్చండి. జవాబు తేడా కొడుతుంది. తెలిసిన నమూనా పక్కన లేకుండా కొలవకూడదని ఈ ఒక్క స్టెప్ నేర్పిస్తుంది. ఫిస్కే, సుబ్బారావు రెండో కప్పు పెట్టింది అందుకే.

ఒక్కమాట. ఇది నేర్చుకోవడానికి మాత్రమే. తాతయ్య షుగర్ స్ట్రిప్‌ని దీంతో చదివి ఇన్సులిన్ మార్చే ఆలోచన వద్దు.

దీన్ని నిజంగా పనికొచ్చేలా చేసినవాళ్లు

2008లో హార్వర్డ్‌లోనే జార్జ్ వైట్‌సైడ్స్ బృందం కాగితం ముక్క మీద మూత్రంలో గ్లూకోజ్, ప్రోటీన్ టెస్టు చేసి, వచ్చిన రంగుని కెమెరా ఫోన్‌తో ఫొటో తీసి దూరంగా ఉన్న నిపుణుడికి పంపొచ్చని చూపించింది. సుబ్బారావు నీలం పుట్టిన యూనివర్సిటీలోనే, 83 ఏళ్ల తర్వాత, రంగు ఫోన్లోకి ఎక్కింది.

లైటింగ్ సమస్యకి ఇజ్రాయెల్ కంపెనీ హెల్దీ డాట్ ఐఓ తెలివైన దారి పట్టింది. మూత్రం స్ట్రిప్‌ని ఒక ప్రత్యేకమైన రంగుల అట్ట మీద పెట్టి ఫొటో తీయాలి. అట్ట మీది రంగులు అసలు ఎలా ఉండాలో యాప్‌కి ముందే తెలుసు. ఫొటోలో అవి ఎలా పడ్డాయో చూసి, ఆ తేడాతో స్ట్రిప్ రంగుని సరిచేసుకుంటుంది. చూస్తే ఇది కూడా రెండో కప్పు ఐడియానే. 2018లో దీనికి అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది.

అదే ఏడాది ఎమరీ యూనివర్సిటీలో రాబ్ మానినో, విల్బర్ లామ్ బృందం గోళ్ల ఫొటోతో రక్తహీనతని అంచనా వేసే యాప్ చూపించింది. మానినోకి పుట్టుకతో తలసీమియా ఉంది. అంటే తన సమస్యకి తనే టూల్ తయారుచేసుకున్నాడు. హిమోగ్లోబిన్‌లో ప్లస్ ఆర్ మైనస్ 2.4 గ్రాముల తేడా రావచ్చని వాళ్లే చెప్పారు. ఒకే మనిషికి ల్యాబ్ విలువలతో కాలిబ్రేట్ చేస్తే అది 1 గ్రాము లోపుకి తగ్గింది. అంటే "మీకు టెస్టు అవసరం" అని చెప్పడానికి పనికొస్తుంది, "మీది సరిగ్గా 9.6" అని చెప్పడానికి కాదు.

ఇక మైక్రోస్కోప్. గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లకి బోదకాలు గురించి చెప్పక్కర్లేదు. ఆ పురుగు పిల్లలు రాత్రిపూటే రక్తంలో తిరుగుతాయి కాబట్టి ఆరోగ్య సిబ్బంది రాత్రి ఇంటికొచ్చి వేలి మీద సూదితో గుచ్చి రక్తం తీసేవాళ్లని మా అమ్మమ్మ చెబుతుండేది. తర్వాత ఆ స్లైడ్‌ని ఎవరో ఒకరు మైక్రోస్కోప్ కింద కూర్చుని వెతకాలి. ఆఫ్రికాలో దీనికి దగ్గరి చుట్టం లాంటి లోవా లోవా అనే పురుగు ఉంది. దాని లెక్క రక్తంలో మరీ ఎక్కువగా ఉన్నవాళ్లకి ఐవర్‌మెక్టిన్ మాత్ర ఇస్తే మెదడుకి ప్రమాదం. బర్క్‌లీ యూనివర్సిటీలో డేనియల్ ఫ్లెచర్ బృందం ఫోన్‌కి లెన్స్ బిగించి లోవాస్కోప్ తయారుచేసింది. అది పురుగు ఆకారాన్ని వెతకదు. చిన్న వీడియో తీసి, రక్తకణాల మధ్య ఎక్కడెక్కడ మెలికలు తిరిగే కదలిక ఉందో లెక్కపెడుతుంది. కామెరూన్‌లో దీంతో ముందు పరీక్షించి, ప్రమాదం లేదని తేలిన 15 వేల మందికి పైగా ఐవర్‌మెక్టిన్ ఇచ్చారు. ఆ ఫలితాలు 2017లో వచ్చాయి. ఇక్కడ ఫోన్ డాక్టర్ స్థానంలోకి రాలేదు. మాత్ర ఎవరికి ఇవ్వకూడదో ఊళ్లోనే, అప్పటికప్పుడే తేల్చింది.

బోదకాలుకి మనూళ్లలో పంచే డీఈసీ మాత్ర ఎక్కడ తయారైందో తెలుసా? అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్‌లో, 1940లలో. అక్కడ రీసెర్చ్ నడిపింది సుబ్బారావే.

కొలతలోంచి క్యాన్సర్ మందు దాకా

లెడర్లీలో ఆయన బృందం చేసిన ఇంకో పెద్ద పని ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబులో తయారుచేయడం. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సొంత అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నాడు ఆయన. ఆ జబ్బుకి ఫోలిక్ యాసిడ్ మందు.

అప్పుడే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ లుకేమియా పిల్లల్లో ఒక విషయం గమనించాడు. ఫోలిక్ యాసిడ్ రకాలు ఇస్తే జబ్బు ఇంకా జోరందుకుంటోంది. అయితే దాన్ని అడ్డుకునేది ఇస్తే? సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌లా కనిపిస్తూ దాని పని చేయనివ్వని అమినోప్టెరిన్‌ని తయారుచేసి పంపింది. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు వెనక్కి తగ్గింది. అది తాత్కాలికమే. కానీ అప్పటిదాకా పిల్లల లుకేమియాలో ఏ మందూ అంతమాత్రం కూడా చేయలేదు. రెండు నెలల తర్వాత, ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు నిద్రలో చనిపోయాడు.

అమినోప్టెరిన్ తమ్ముడే మెథోట్రెక్సేట్. ఇప్పటికీ పిల్లల లుకేమియా చికిత్సలో, కీళ్లవాతంలో వాడుతున్నారు. పెద్ద డోసులో ఇచ్చినప్పుడు రక్తంలో ఈ మందు ఎంత మిగిలిందో గంటల లెక్కన కొలుస్తూ ఉండాలి. సకాలంలో తగ్గకపోతే మంచి కణాలు కూడా దెబ్బతింటాయి, విరుగుడు మందు మోతాదు ఆ అంకెని బట్టే మారుతుంది. మందు ఎంత ముఖ్యమో దాన్ని కొలిచే కెమిస్ట్రీ కూడా అంతే ముఖ్యం.

ఆపరేషన్ థియేటర్‌లో ఈ కొలత ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే గ్యాడ్జెట్ ఒకటుంది, పేరు మాస్‌స్పెక్ పెన్. 2017లో టెక్సస్ యూనివర్సిటీలో లివియా ఎబర్లిన్ బృందం దీన్ని చూపించింది. పెన్ను చివర ఒక నీటి చుక్క కణజాలాన్ని తాకి, అందులోని అణువుల్ని కొంచెం కరిగించుకుంటుంది. ఆ చుక్క గొట్టంలోంచి మాస్ స్పెక్ట్రోమీటర్‌కి వెళ్తుంది. అక్కడున్నది క్యాన్సరా కాదా అని దాదాపు 10 సెకన్లలో చెబుతుంది. 253 మంది రోగుల కణజాల నమూనాల మీద 96 శాతం సరిగ్గా చెప్పింది. క్యాన్సర్ గడ్డ తీసేటప్పుడు ఎక్కడిదాకా కోయాలి, ఎక్కడ ఆపాలి అనేది సర్జన్‌కి పెద్ద ప్రశ్న. ఇది ఆ ప్రశ్న కోసమే. కాకపోతే పెన్ను చిన్నదే గానీ, దాని వెనకుండే మెషీన్‌ జేబులో పట్టేది కాదు.

అలారం మోగితే జబ్బు ఉన్నట్టా?

ఇది బాగా అర్థం చేసుకోవాల్సిన చోటు. ఒక లెక్క వేద్దాం. 18 వేల మందికి ఒకరికి వచ్చే జబ్బు అనుకుందాం. జబ్బు లేనివాళ్లలో 99 శాతం మందికి "లేదు" అని సరిగ్గా చెప్పే యాప్ ఉందనుకుందాం. లక్ష మంది పిల్లల్ని చూస్తే నిజంగా జబ్బు ఉన్నవాళ్లు 5 లేదా 6గురు. తప్పు అలారాలు? ఒక శాతం, అంటే దాదాపు వెయ్యి. యాప్ చెడ్డదేం కాదు. జబ్బు అరుదైనది, అంతే. కాబట్టి అలారం మోగితే "డాక్టర్‌కి చూపించు" అని అర్థం, "జబ్బు ఉంది" అని కాదు. మోగకపోతే "జబ్బు లేదు" అని కూడా కాదు.

ఇంకోవైపు పూర్తిగా మోసపోయే ప్రమాదమూ ఉంది. 2014, 2015లో ఇన్‌స్టంట్ బ్లడ్ ప్రెషర్ అనే యాప్ లక్షకు పైగా అమ్ముడైంది. కెమెరా మీద వేలు పెట్టి ఫోన్ని గుండెకి ఆనిస్తే బీపీ చెబుతుందట. 2016లో పరిశోధకులు పరీక్షిస్తే, హైబీపీ ఉన్న ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి అది తక్కువ చూపించింది.

మన చర్మం రంగుకి సంబంధించిన హెచ్చరిక కూడా ఒకటుంది. వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుల్ని పోల్చి ఆక్సిజన్ చెబుతుంది. ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపించడం, తెల్లవాళ్లకంటే నల్లజాతి రోగుల్లో దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా ఆస్పత్రుల డేటాలో తేలింది. ఆస్పత్రి పరికరానికే ఈ ఇబ్బంది ఉంటే, రెండు వేల రూపాయల వాచ్‌లో ఎస్‌పీఓ2 అంకెని ఎంత నమ్మాలో మీరే ఆలోచించండి.

అందుకే హెల్త్ యాప్ గానీ గ్యాడ్జెట్ గానీ కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. దేనితో పోల్చి పరీక్షించారు? మనలాంటి చర్మం, మనలాంటి లైటింగ్‌లో పరీక్షించారా? వైద్య పరికరంగా అనుమతి ఉందా, లేక కింద చిన్న అక్షరాల్లో "వెల్‌నెస్ కోసం మాత్రమే" అని రాసుకున్నారా? మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి వైద్యానికి వాడే సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల నిబంధనల కిందకే వస్తుంది.

మా వెర్డిక్ట్

బాగున్నవి: కెమెరా అందరి చేతిలో ఉంది. పాత ఫొటోలే సాక్ష్యం అవుతాయి. పక్కన తెలిసిన నమూనా ఉంటే రంగుని నిజాయితీగా చదవగలదు. ఊళ్లో ఉన్నవాళ్లని సరైన టైముకి సరైన డాక్టర్ దగ్గరికి పంపగలదు.

బాగోలేనివి: అందంగా చూపించడం కోసం రంగులు మార్చేస్తుంది. ఒక్కో ఫోన్ ఒక్కో అంకె ఇస్తుంది. నమ్మకంగా అబద్ధం చెప్పే యాప్‌లు స్టోర్ నిండా ఉన్నాయి.

కంపెనీలకి మా రిక్వెస్ట్ ఒకటే. కన్ను ఎరుపు సరిచేసే ఫీచర్ పెట్టండి, ఎవరూ కాదనరు. కానీ ఒరిజినల్‌ని చెరిపేయకండి. పసిపిల్లల ఫొటోలో తెల్ల మెరుపు కనిపిస్తే దాన్ని నల్లగా పూసేసే బదులు ఒక చిన్న నోటీసు చూపించండి.

మీకు మా సలహా: ఇంట్లో 5 ఏళ్ల లోపు పిల్లలుంటే పాత ఫ్లాష్ ఫొటోలు ఒకసారి తిరగేయండి. ఒకే కంట్లో మెరుపు మళ్లీ మళ్లీ కనిపించినా, మెల్లకన్ను ఉన్నా ఆలస్యం చేయకండి. చుక్కలు వేసి కంటి వెనక భాగం చూసే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అనుమానం గట్టిగా ఉంటే ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రికి హైదరాబాద్‌తో పాటు విజయవాడ, విశాఖపట్నంలోనూ క్యాంపస్‌లు ఉన్నాయి.

ఇక మా పాప సంగతి. మర్నాడు పొద్దున్నే అక్క, బావ, నేను కాకినాడ వెళ్లాం. డాక్టర్ గారు చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూశారు. రెండు కళ్లూ శుభ్రంగా ఉన్నాయి. ఫొటో తీసిన క్షణంలో పాప ముక్కు వైపు చూసిందని, కంటి నరం మొదలయ్యే తెల్లటి చోటు మీద వెలుతురు పడి అలా మెరిసిందని చెప్పారు. బయటికి వస్తూ నేను సారీ చెప్పబోతుంటే ఆయనే ఆపారు. "ఇలా వందమంది ఊరికే వచ్చి వెళ్లినా నాకు ఫర్వాలేదు బాబూ. రావలసిన ఒక్కరు రాకపోతేనే బాధ."

తిరుగు బస్సులో అక్క ఆ ఫొటో మళ్లీ తీసి చూసుకుంది. "ఇప్పుడు ఎడిట్ చెయ్యనా?" అన్నాను.

"వద్దులేరా," అంది. "ఇలాగే ఉండనీ."